కరిగించి పోసిన డ్రిప్ పైపు చీనీ తోటకు వేయొచ్చా?

గార్లదిన్నె_చీనీ | సోమవారం, రాత్రి 9:10

మూడెకరాల చీనీ (బత్తాయి) తోట మాది. పదకొండేళ్ళ కిందట సబ్సిడీలో వేయించిన డ్రిప్. భూమిలో పూడ్చిన పీవీసీ మెయిన్, సబ్‌మెయిన్ పైపులకు ఇప్పటికీ ఢోకా లేదు. చెట్ల వరసల వెంట పైన పరిచిన 16 ఎంఎం సన్న పైపులు, లేటరల్సే పోయాయి. ఉడుతలు కొరికినవి కొన్ని, గడ్డపార తగిలినవి కొన్ని, అడవిపందులు పెకలించినవి కొన్ని. జాయినర్ లేని లైను ఒక్కటి చూపించమంటే చూపించలేను.

లైనుకూ లైనుకూ ఆరు మీటర్ల దూరం. లైనుకు ఒక్క పైపు వేసినా రెండు వేల మీటర్ల పైనే పడుతుంది. ఏడేళ్ళు దాటింది కాబట్టి మళ్ళీ సబ్సిడీకి రాసుకోవచ్చు. కానీ అది చేతికొచ్చేసరికి ఈ ఎండాకాలం కాస్తా అయిపోతుంది. బోరు ఇప్పటికే ఆగి ఆగి పోస్తోంది, చెట్ల మీద కాయ ఉంది. అదీ నా టెన్షన్.

మొన్న టౌన్‌లో ఒక అంగట్లో నల్ల పైపు చూపించారు. చుట్ట మీద పేరు లేదు, గుర్తు లేదు. కంపెనీ పైపులో సగం ధర. పాత పైపులు కరిగించి చేసిందేనని దాచకుండా చెప్పాడాయన. "అన్నా, ఇది థర్మోప్లాస్టిక్. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఎన్నిసార్లయినా అంతే. పాత గాజులు కరిగించి కొత్త గాజులు చేయిస్తే బంగారం మారిపోతుందా?" అన్నాడు. నాకు ఎదురు మాట తోచలేదు. ఇంటికొచ్చి ఇంటర్ చదివే మా పాపను అడిగితే, పుస్తకం తెరిచి ఇదే మాట చూపించింది.

అంగడాయనా, పుస్తకమూ ఒకటే చెబుతున్నారు. మా బావమరిది ఒక్కడే వద్దంటున్నాడు, ఎందుకో మాత్రం చెప్పడు. వేసి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.


పులివెందుల_అరటి | సోమవారం, రాత్రి 9:48

నీ బావమరిది మాట వినన్నా.

వేసి చూసినవాణ్ణి నేనే. రెండెకరాల అరటికి అలాంటి పైపే వేశా. మొదటి ఎండాకాలం ఏమీ తెలియలేదు, డబ్బులు మిగిలాయని సంబరపడ్డా. రెండో ఏడు ఏప్రిల్‌లో ఒకరోజు సరిగ్గా మిట్టమధ్యాహ్నం మోటారు వేశాం. పది నిమిషాలకు తోటలోంచి టప్ టప్‌మని శబ్దాలు. ఏందప్పా ఇది అని పోయి చూస్తే డ్రిప్పర్లు పైపులోంచి ఊడి ఎగురుతున్నాయి, రంధ్రాల్లోంచి నీళ్ళు తలెత్తు చిమ్ముతున్నాయి. ఎండకు పైపు మెత్తబడి రంధ్రం సాగింది. సాయంత్రం చల్లబడ్డాక అవే డ్రిప్పర్లు అవే రంధ్రాల్లో గుచ్చితే వేలితో తిప్పినా గిర్రున తిరుగుతున్నాయి, పట్టు లేదు.

మూడో ఏడు పెళుసు వచ్చింది. చుట్టి గట్టు మీద పెడదామని వంచితే ఎండుపుల్లలా చిట్లింది. విరిగినచోట లోపల గోధుమరంగు చుక్కలు, చేత్తో రాస్తే గరుకు. ఏం కలిపారో దేవుడికే తెలియాలి. సగం ధర అంటారు, మూడేళ్ళలో రెండుసార్లు కొన్నా. ఆ లెక్క నువ్వే వేసుకో.


నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10:05

అంగడి పేరు, కంపెనీ పేరు రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. పేర్లు వద్దు, విషయం రాయండి.


నల్లదానా_అనంతపురం | మంగళవారం, ఉదయం 6:30

మమ్మల్ని తిట్టేముందు మా మాట కూడా వినండి. నేను బతికేది ఈ పని మీదే. అనంతపురం శివారులో చిన్న యూనిట్, ఆరుగురు పనివాళ్ళు. పాత లేటరల్స్ తూకానికి కొంటాం. కడిగి, ముక్కలు కొట్టి, కరిగించి, జాలిలోంచి నెడితే సేమియా లాగా తీగలు వస్తాయి. వాటిని నీళ్ళతొట్టిలో చల్లార్చి కత్తిరిస్తే దానా. దానాతో పైపు లాగేవాళ్ళు వేరే ఉంటారు.

దానా అంతా ఒకటి కాదు. లేటరల్ పైపు ఒక్కటే వేసి తీసిన దానా వేరు. చెత్తలో ఏరిన కవర్లు, విరిగిన బిందెలు, మందు డబ్బాలు అన్నీ కలిపి తీసింది వేరు. నల్లరంగు కలిపితే రెండూ ఒకేలా మెరుస్తాయి. పాపాలన్నీ కప్పేది ఆ రంగే. పులివెందులన్న కొన్నది రెండో రకం అని రాసిస్తా.

మా ప్రాణం తీసేది అసలు ప్లాస్టిక్ కాదు, రబ్బరు. సబ్‌మెయిన్ నుంచి లేటరల్‌కు నీళ్ళు తీసే టేకాఫ్ ముక్కను బిగించే చోట నల్ల గ్రోమెట్, అంటే రబ్బరు వాషరు, ఉంటుంది చూడండి. చాలామంది దాన్ని పీకకుండా పైపుతో పాటే చుట్టేసి తెస్తారు. అది ఎంత కాచినా కరగదు. ముక్కలై జాలికి అడ్డం పడుతుంది, జాలి చిరుగుతుంది, ఆ పూటకు పని బంద్. పీవీసీ ముక్క పడితే ఇంకా ఘోరం. పైపు కరిగే వేడికి అది మాడిపోయి ముక్కు మండే పొగ వదులుతుంది. మిషన్ లోపలి ఇనుము కూడా తినేస్తుంది.

ఇంత చేసి మేము కొనకపోతే ఆ పైపులు ఎక్కడికి పోతాయి? గట్టు మీద కుప్పేసి అగ్గిపుల్ల గీస్తారు. రాత్రిపూట బండి మీద పోతే ఆ వాసన మీకూ తెలుసు. మా పైపు వద్దనే అన్నలందరూ, మీ పాత పైపు ఏం చేశారో కూడా చెప్పండి.


పత్తికొండ_టమోటా | మంగళవారం, ఉదయం 7:15

నేను నల్లదానా అన్న వైపు.

మాది నాలుగు నెలల పంట. ఒక వారం బాక్సుకు మంచి ధర పలుకుతుంది, మరుసటి వారం కోత కూలీ కూడా రాక రోడ్డు మీద పారబోస్తాం. అలాంటి పంటకు పదేళ్ళ పైపు ఎందుకు? రెండు పంటలు లాగితే చాలు. చీనీ రైతు లెక్క వేరు, మా లెక్క వేరు. అందరికీ ఒకటే పైపు అనడం సబబు కాదు.

నల్లదానా అన్నా, మొక్కల మొదట్లో నేల మీద పరిచే మల్చింగ్ షీట్ పాతది కూడా తీసుకుంటారా? గుట్టలు పడి ఉంది.


నల్లదానా_అనంతపురం | మంగళవారం, ఉదయం 7:40

షీట్ వద్దన్నా. 25, 30 మైక్రాన్ల మందం ఉంటుంది, అది కిలో తూగితే దానికి పట్టిన మట్టి ఇంకో కిలో. కడగడానికే నీళ్ళ ట్యాంకర్ కావాలి.


యర్రగుంట్ల_వాసి | మంగళవారం, ఉదయం 8:20

కరిగించడానికి పనికిరానిదాన్ని సిమెంటు బట్టీల్లో బొగ్గుతో పాటు ఇంధనంగా వాడే పద్ధతి ఉంది. లోపల వేడి 1400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి గట్టు మీద కాల్చినట్టు నల్లపొగ ఉండదు. మా వైపు ఫ్యాక్టరీలకు కొదవ లేదు. కానీ రైతు దగ్గర షీటు ఎవరు సేకరిస్తారు, బండి బాడుగ ఎవరు పెట్టుకుంటారు? అక్కడే ఆగిపోతుంది.


కర్నూలు_కెమిస్ట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

లంచ్ టైంలో రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది. మన్నించండి.

గార్లదిన్నె రైతన్నకు ముందు జవాబు: మీ పాప పుస్తకంలో ఉన్నది నిజమే. అంగడాయన చెప్పినదాంట్లో బంగారం పోలిక మాత్రం తప్పు. బంగారం మూలకం. వందసార్లు కరిగించినా దాని పరమాణువుకు ఏమీ కాదు. లేటరల్ పైపు పాలిథీన్. దాని అణువు అంటే వేల కార్బన్లు ఒకదాని వెంట ఒకటి పట్టుకున్న పొడవాటి గొలుసు. ఆ గొలుసులు పక్కపక్కన చిక్కుపడి ఉంటాయి కానీ, ఒకదానికి ఒకటి ముడివేసుకుని ఉండవు. వేడి చేస్తే ఒకదాని మీద ఒకటి జారతాయి, చల్లారితే ఆగిపోతాయి. మెత్తబడడం, గట్టిపడడం అంటే ఇంతే. సాధారణ మెత్తటి పాలిథీన్ 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందునుంచే మెత్తబడుతూ వస్తుంది. అందుకే ఎండలో డ్రిప్పర్లు ఊడాయి.

ముడివేసుకున్నవి వేరే జాతి. కుక్కర్ పిడి, పాత ఇళ్ళలో కనిపించే నల్ల స్విచ్చులు ఆ రకం. బేకలైట్ అంటారు, 1907లో లియో బేకలాండ్ తయారుచేశాడు. సంగటి ముద్ద కట్టాక మళ్ళీ పిండి అవుతుందా? ఇదీ అంతే, ఒకసారి గట్టిపడితే కాల్చినా మాడుతుందే తప్ప కరగదు. నల్లదానా అన్నను ఏడిపించే గ్రోమెట్టూ ఆ బాపతే. రబ్బరులో గంధకం కలిపి కాస్తే గొలుసుల మధ్య వంతెనలు పడతాయి, ఇక జారవు.

కాబట్టి పాలిథీన్‌ను బంగారంతో కాదు, బెల్లంతో పోల్చాలి. బెల్లం గడ్డ కరిగించి అచ్చు పోస్తే మళ్ళీ బెల్లమే. అదే గడ్డను నాలుగుసార్లు కాచి చూడండి, రంగు ముదురుతుంది, చేదు దిగుతుంది. పాలిథీన్‌ను కరిగించిన ప్రతిసారీ వేడికి, గాలికి కొన్ని గొలుసులు తెగుతాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నవి ఇక కరగని నలుసులై పైపు గోడలో మిగులుతాయి. గోడ చిట్లడం మొదలయ్యేది అక్కడి నుంచే.

అయితే, ఇది నా అభిప్రాయం, మిషన్ చేసే చెడుపు కంటే మన ఎండ చేసే చెడుపే ఎక్కువ. పదేళ్ళు అనంతపురం ఎండలో పడున్న పైపు గొలుసులు యూనిట్‌కు చేరేసరికే సగం నీరసపడి ఉంటాయి. కొత్త పైపులో రెండు, రెండున్నర శాతం దాకా కార్బన్ బ్లాక్ కలుపుతారు, అంటే సన్నటి మసి. అది అందం కోసం కాదు. అతినీలలోహిత కిరణాలను తాను మింగి గొలుసులను కాపాడుతుంది. మసి ఉంటే చాలదు, పైపు అంతటా సమానంగా పరుచుకోవాలి. ఉండలు కట్టిన మసి ఉన్నా లేనట్టే.


పత్తికొండ_టమోటా | మంగళవారం, మధ్యాహ్నం 1:52

సార్, అంటే మా రెండు పంటల లెక్క తప్పంటారా ఒప్పంటారా? సూటిగా చెప్పండి.


కర్నూలు_కెమిస్ట్రీ | మంగళవారం, మధ్యాహ్నం 1:58

తప్పనను. పైపుకు పడేది కేజీ ప్రెషరు, పనిచేసేది రెండు పంటలు, తరువాత మళ్ళీ తూకానికి. ఒకే రకం పాలిథీన్‌తో తీసిన దానా అయితే సరిపోతుంది. కానీ అది ఒకే రకమా కాదా మీకెలా తెలుస్తుంది? తెలియకపోవడమే నా అభ్యంతరం.


కడప_ప్లంబర్ | మంగళవారం, సాయంత్రం 7:25

సార్ చెప్పింది పుస్తకంలో, నేను చెప్పేది చేతుల్లోంచి.

పీవీసీ పైపుకు కప్లర్ దొరకనప్పుడు మా పాతోళ్ళు ఏం చేసేవాళ్ళు? పైపు కొసను మంట మీద తిప్పుతూ కాచి, వడియంలా మెత్తబడగానే ఇంకో పైపును అందులోకి దూర్చి తడిగుడ్డ కప్పేవాళ్ళు. మూతి వెడల్పై అలాగే బిగుసుకుంటుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో తోటల్లో ఇదే పని. శెనక్కట్టె మంట అయితే మంచిది, టైరు ముక్క అయితే మసి పడుతుంది అనేవాళ్ళు. రెండు విషయాలు అప్పుడే తెలిశాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే పైపు గోధుమరంగు తిరిగి కళ్ళు మండుతాయి. ఆ మూతి రెండేళ్ళకు చీలుతుంది. ఇంకోటి, అలా సాగదీసిన మూతిని పొరపాటున మళ్ళీ కాస్తే అది వెడల్పుగా ఉండదు, మెల్లగా ముడుచుకుంటూ పాత కొలతకు వచ్చేస్తుంది. పైపుకు జ్ఞాపకం ఉంటుందిరా అనేవాడు మా మేస్త్రీ.

డ్రిప్ పైపు సంగతికొస్తే, మంచి పైపయినా చెడ్డ పైపయినా ఎండకు సాగుతుంది. తెల్లవారుజామున దారం పట్టినట్టు తిన్నగా ఉన్న వంద మీటర్ల లైను మధ్యాహ్నానికి అర మీటరు దాకా పెరిగి పాములా మెలికలు తిరుగుతుంది. చాలామంది పొద్దున్నే లైను బిగుతుగా లాగి కొసన కట్టెకు కట్టేస్తారు. పగలు సాగింది రాత్రి చలికి ముడుచుకున్నప్పుడు జాయినర్ల దగ్గర ఊడొస్తుంది. ఆ తప్పు పైపుది కాదు, కట్టినోడిది. పులివెందులన్నది అలా కాదులే, అన్నది చెడ్డ పైపే.


పులివెందుల_అరటి | మంగళవారం, రాత్రి 8:10

థ్యాంక్స్ మేస్త్రీ, ఒక్కడైనా నన్ను నమ్మాడు.

నల్లదానా అన్నా, పాత పైపు ఏం చేశారని అడిగినావు. నిజం చెబుతా, కాల్చినా. మూడేళ్ళ పైపుకు తూకంలో వచ్చేది ఆటో బాడుగకు కూడా చాలదు. తప్పే, కానీ నువ్వు మా ఊరికి బండి పంపవు కదా.


నల్లదానా_అనంతపురం | మంగళవారం, రాత్రి 8:31

పులివెందుల దాకా బండి పంపితే డీజిల్ నేను తాగాలి. అది కూడా నిజమే అన్నా, కోపం లేదు.

గార్లదిన్నె అన్న కోసం ఒక చిట్కా. ఆ పైపు జానెడు ముక్క కోసి బక్కెట్ నీళ్ళలో వేయండి. లోపల గాలి లేకుండా నిలువునా చీల్చి వేయాలి. పాలిథీన్ నీళ్ళకంటే తేలిక, మసి కలిసినా తేలుతుంది. మునిగిందంటే తూకం కోసం సుద్దపొడి బాగా దట్టించారని, లేదంటే పీవీసీ కలిసిందని అర్థం. నా సరుకునైనా ఇలాగే చూసి కొనమంటా.


కర్నూలు_కెమిస్ట్రీ | మంగళవారం, రాత్రి 9:02

మంచి పరీక్ష, కానీ ఒకవైపే పనిచేస్తుంది. మునిగితే చెడ్డదని తెలుస్తుంది, తేలితే మంచిదని తేలదు. బిందె ముక్కలూ తేలుతాయి, కవర్లూ తేలుతాయి. అందులో పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్ కలిసినా తేలుతుంది. చూడడానికి చుట్టాల్లా ఉంటాయి కానీ పాలిథీన్, పాలీప్రొపిలీన్ కరిగించి కలిపినా నూనె నీళ్ళలాగా విడివిడిగానే ఉంటాయి. గోడ ఆ అతుకు దగ్గరే చీలుతుంది.

లేటరల్ పైపుకు ఐఎస్ 12786 అని ప్రమాణం ఉంది. మంచి పైపు మీద ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు పొడవునా అచ్చు వేసి ఉంటాయి. అచ్చు ఎవరైనా వేసుకోవచ్చు కాబట్టి ఆ లైసెన్సు నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఎవరి పేరున ఉందో, ఇంకా నడుస్తోందో లేదో వస్తుంది. ఊళ్ళో పదిమంది కలిసి కొంటుంటే ముక్క విజయవాడ దగ్గరి సిపెట్‌కు, అంటే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థకు, పంపి పరీక్ష చేయించడం కూడా దండగ కాదు.


పత్తికొండ_టమోటా | బుధవారం, ఉదయం 6:50

సార్, రెండు పంటల పైపుకు విజయవాడ పరీక్షా! పైపు కంటే బస్సు ఛార్జీ ఎక్కువవుతుంది.

నేను మారను. నా లెక్క నాకు సరిపోతోంది. కాకపోతే బక్కెట్ పరీక్ష మాత్రం చేస్తా, దానికి ఖర్చు లేదు.


గార్లదిన్నె_చీనీ | గురువారం, రాత్రి 8:45

అందరికీ నమస్కారం. నిన్న టౌన్‌కు పోయి ఆ అంగడాయన్ను అడిగి జానెడు ముక్క కోయించుకొచ్చా. చీల్చి బక్కెట్లో వేశాం. మా పాప, నేను, బావమరిది ముగ్గురం వంగి చూస్తున్నాం. కాసేపు తేలినట్టే తేలింది. దానికి అంటుకున్న గాలి బుడగలను పాప వేలితో తుడిచేసరికి మెల్లగా అడుక్కు పోయి కూర్చుంది. పక్కన మా పాత కంపెనీ పైపు ముక్క వేస్తే, పదకొండేళ్ళ ఎండ తిన్నది, అది పైనే తేలుతోంది.

ఫోన్ చేసి చెబితే అంగడాయన ఏమన్నాడో తెలుసా? "బరువుంటే గట్టి పైపనే కదన్నా అర్థం!"

అప్పుడు నోరు విప్పాడు బావమరిది. రెండేళ్ళ కిందట అదే అంగట్లో నాలుగు చుట్టలు కొన్నాడంట. నాకు చెబితే నవ్వుతానని ఇన్నాళ్ళూ దాచాడు. నవ్వాను, దాచడమెందుకు.

నా పద్ధతి ఇది. బాగా కాయ ఉన్న ఎకరానికి ఇప్పుడే ఐఎస్ఐ పైపు కొంటున్నా, నంబరు యాప్‌లో చూశాకే. మిగతా రెండెకరాలకు పనికొచ్చే పాత ముక్కలన్నీ ఏరి జాయినర్లతో నెట్టుకొస్తా, ఈలోగా సబ్సిడీకి రాసుకుంటా. ఎండ తగ్గాకే మోటారు వేయమని మా వాళ్ళకు చెప్పా. అది మాత్రం కరెంటు చేతిలో ఉంది.

నల్లదానా అన్నా, ఆ ఎకరంలో తీసేసిన పైపు ఏడు వందల మీటర్ల దాకా ఉంది. కాల్చను. మీకే తెస్తా.


నల్లదానా_అనంతపురం | గురువారం, రాత్రి 9:20

తేండన్నా. గ్రోమెట్లు పీకేసి, బోరు నీళ్ళకు లోపల పేరుకున్న ఉప్పు రాలేలా పైపును నేల మీద నాలుగు దెబ్బలు కొట్టి తెస్తే కిలోకు రూపాయి ఎక్కువ ఇస్తా.


గార్లదిన్నె_చీనీ | గురువారం, రాత్రి 9:26

రెండు రూపాయలు చెయ్యి. ఎండ్ క్యాపులు కూడా నేనే పీకిస్తా.